హీరోగారి తువ్వాలు, కుక్కకాటు ఇంజెక్షన్లు

1984లో అద్దంకి దగ్గర ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులు. ఒక పొద్దున రమణమ్మ అనే కూలీ మనిషి మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. అతని పేరు ఏడుకొండలు. మిరప బస్తాలు మోస్తాడు, ఊళ్లో ఒక సినిమా హీరో అభిమాన సంఘానికి ప్రెసిడెంటు. ముందురోజు పిక్క మీద కుక్క కరిచింది. ఆ కుక్క ఇంకొందరిని కూడా కరిచి చచ్చిపోయిందట.

గాయం సబ్బుతో కడుగుతూ, యాంటీ రేబీస్ వ్యాక్సిన్ వెయ్యాలన్నాను. పిచ్చికుక్క కాటుకి వేసే టీకా అది. అప్పట్లో రోజూ బొడ్డు చుట్టూ పొడిచేవాళ్లం.

"నాకక్కర్లేదు సిస్టరమ్మా," అన్నాడు మెడలో తువ్వాలు చూపిస్తూ. "షూటింగులో మా హీరో చెమట తుడుచుకున్న తువ్వాలిది. ఇది ఉండగా ఏ రోగమూ రాదు. కరిపించుకున్న మావాళ్లక్కూడా అదే చెప్పా. వాళ్లూ రావట్లేదు."

రమణమ్మ ఏడుస్తోంది. డాక్టరుగారు క్యాంపుకెళ్లారు. ఈ జబ్బు బయటపడ్డాక మందు లేదు. తిడితే లేచి వెళ్లిపోతాడు. స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను.

"హీరోగారి శక్తిని సైన్సు కూడా కాదనదు," అన్నాను, పాఠం చెబుతున్నంత గంభీరంగా. "మరి ఫస్టాఫ్‌లో ఆయన తన్నులెందుకు తింటాడు?"

"కథ కోసం."

"కాదు. ఆయన చెమటలో శక్తి కణాలుంటాయి. ఇంటర్వెల్ బెల్లు మోగేదాకా అవి నిద్రపోతాయి. తర్వాతే వేడెక్కి విలన్ల మీద పడతాయి."

"అయితే అయ్యుండొచ్చు," అన్నాడు అనుమానంగా.

"కుక్క విషానికీ ఫస్టాఫ్ ఉంది. ఇంక్యుబేషన్ పీరియడ్ అంటాం. పైకి ఏమీ కనపడకుండా నరాల వెంట మెదడు దాకా పాకే కాలం. మెదడుకి చేరిందంటే నీళ్లు చూసి బెదురుతావు, ఇక బతకవు. ఈ జబ్బుకి సెకండాఫ్ లేదు ఏడుకొండలూ. మీ హీరో కణాలు నిద్ర లేచేసరికి ఆట అయిపోయి హాల్లో లైట్లు వేసేస్తారు."

ముందు రమణమ్మ ఏడుపులోనే ఫక్కున నవ్వింది. అతనూ ఆపుకోలేకపోయాడు. నవ్వుతూనే చొక్కా పైకెత్తాడు.

"సరే, ఫస్టాఫ్ మీరు చూసుకోండి సిస్టరమ్మా."

సాయంత్రానికి కుక్క కరిచినవాళ్లందరినీ ట్రాక్టరు మీద ఎక్కించుకొచ్చాడు. నా సైన్సుకి ఇంకాస్త కలిపి వరండాలో వాళ్లకి తనే వివరిస్తున్నాడు. అందరూ రోజూ వచ్చి కోర్సు పూర్తిచేశారు. ఒక్కరికీ జబ్బు రాలేదు.

అప్పటిదాకా మొండికేసినవాళ్లని చావు పేరు చెప్పి భయపెట్టేదాన్ని. ఆ తర్వాత ముందు వాళ్లకి ఏ సినిమా ఇష్టమో అడిగేదాన్ని. నవ్వే మనిషి పొట్ట బిగబట్టడు. సూది తేలిగ్గా దిగుతుంది.