ఓదెలు తల్లికి వేసిన కుర్చీ

శామీర్‌పేట ఓదెలు మెడలో టై కట్టుకున్న రోజే ఊళ్లో సగంమంది అతన్ని డాక్టరనుకున్నారు. డాక్టరు కాదయ్యా, మందుల కంపెనీ మనిషి అంటే ఎవరు వింటారు! మేడ్చల్ దారిలో కొత్తగా వెలిసిన మెడికల్ కాలేజీకి తోలు బ్యాగు తగిలించుకుని పాత స్కూటరు మీద వెళ్లేవాడు. పెద్ద డాక్టర్లకు పెన్నులు, గోడ గడియారాలు. చదువుకునే డాక్టర్లకు గురువారం పాఠం అయ్యాక కంపెనీ తరఫున బిర్యానీ. అంతా నవ్వుతూనే జరిగేది. ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. అడక్కుండానే ఓదెలు కంపెనీ మోకాళ్ల నొప్పి మాత్ర చీటీల మీదికెక్కేది.

అతని తల్లి కమలాబాయి ద్రాక్షతోటల్లో కూలి చేసి కొడుకును డిగ్రీదాకా చదివించింది. గంపలు మోసీ మోసీ మోకాళ్లు అరగదీసుకుంది. పైగా కడుపులో పాత పుండు. అటువంటి కడుపుకు తన కంపెనీ మాత్ర పడదని ఓదెలుకు తెలుసు. తాను వెంట వెళ్తే డాక్టర్లు మొహమాటానికి ఆ మాత్రే రాస్తారనీ తెలుసు. అందుకే తాను కంపెనీ పనిమీద ఊరెళ్తూ, తల్లిని ఒంటరిగా ఆ కాలేజీ ఆస్పత్రికి పొమ్మన్నాడు. తన పేరు ఎత్తొద్దని మరీమరీ చెప్పాడు. ఎందుకో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. రోజూ ఊరందరి ముందు పొగిడే మందును ఇంట్లో ఎలా తిడతాడు?

ఆమె మనసు చివుక్కుమంది. "ఏంది కొడుకా, నీ తల్లినని చెప్పుకుంటె నీకు నామోషీనా?" అంది.

వెళ్లి చెప్పనే చెప్పింది. కన్నతల్లి కదా, ఎట్లా ఊరుకుంటుంది! పెద్ద డాక్టరమ్మ లలితకుమారి మంచి మనిషి. ఓదెలు పేరు వినగానే కమలాబాయిని వరుసలోంచి ముందుకు పిలిపించి, కుర్చీ వేయించి, చాయ్ తెప్పించింది. కడుపు సంగతి అడగడం ఆ మర్యాదల్లో కొట్టుకుపోయింది. ఓదెలు తల్లికి ఓదెలు కంపెనీ మాత్ర రాయడమే గౌరవం అనుకుంది పాపం.

ఓదెలు ఊరినుంచి తిరిగొచ్చేసరికి తల్లి నెత్తురు కక్కుకుని అదే ఆస్పత్రిలో మంచం మీద ఉంది. "నీ మందే రాసింది బిడ్డా, ఒక్క పూట తప్పలే" అని మురిపెంగా చెప్పింది. ఓదెలు మంచం పట్టె పట్టుకుని పసిపిల్లవాడిలా ఏడ్చాడు. దేవుడు చల్లగా చూశాడు, బతికింది.

ఆమె ఇంటికొచ్చిన కొన్నాళ్లకే ప్రిన్సిపాల్ జోగారావు మీటింగు పెట్టాడు. కంపెనీల మనుషులు కాలేజీ గేటు దాటొద్దని, వాళ్ల విందులూ కానుకలూ ఎవరూ ముట్టొద్దని కట్టడి చేయాలని ఆయన పంతం. డాక్టర్లు భగ్గుమన్నారు. ఒక పూట బిర్యానీకి అమ్ముడుపోతామా అని లలితకుమారే ముందు లేచింది. కంపెనీల మాటా వింటానని ప్రిన్సిపాల్ అంటే, తోటివాళ్లు ఓదెలును ముందుకు తోశారు. కట్టడి వస్తే వాళ్లందరి నోటికాడి కూడు పోతుంది. అతనిదీ పోతుంది.

ఓదెలు లేచాడు.

"మేడం, మీరు అమ్ముడుపోయిన్రని నేను అంటలేను. ఒక్కటి చెప్పుండ్రి. గా దినం వచ్చిన ముసలామె ఓదెలు తల్లి గాకుంటె, మీరు ఏం చేస్తుంటిరి?"

లలితకుమారి, "ముందు కడుపు సంగతి అడిగేదాన్ని" అంది. కట్టడికి సరేనంటూ మొదట లేచిన చెయ్యి ఆమెదే.

కంపెనీ ఊరుకుంటుందా? ఓదెలును ఇంటికి పంపేసింది. కొన్నాళ్లు ఖాళీగా తిరిగి, చివరికి బహదూర్‌పల్లి బడిలో పిల్లలకు సైన్సు చెప్పడానికి కుదిరాడు.

మోకాళ్ల నొప్పి మళ్లీ తిరగబెట్టి కమలాబాయి ఆస్పత్రికి వెళ్లింది. ఎండ నెత్తికెక్కాక తిరిగొచ్చి గడపలో కూలబడింది.

"నీ పేరు చెప్పినా ఎవ్వలూ కుర్చీ ఎయ్యలే కొడుకా. అందరి తీర్గనే లైన్ల నిలవెట్టిన్రు. ఆ డాక్టరమ్మ నీ ముచ్చటేం అడగలే, కడుపుల ఏమన్న బాధుందా అని గదే అడిగింది" అని చీటీ అతని ఒళ్లో పడేసింది.

చీటీ మీద ఆ కడుపుకు పడే సాదా మాత్ర ఉంది. ఆమె అలిగి అటు తిరిగి కూర్చుంది. ఓదెలు మాత్రం చాన్నాళ్లకు ఆ పూట కడుపునిండా తిన్నాడు.