చారానా దొంగ కోసం కాప్రా ప్రయాణం

ఆ రోజుల్లో, అంటే మొదటి ఉద్యోగం వచ్చిన కొత్తలో, నాకు రెండు జబ్బులుండేవి. నాకు అన్నీ తెలుసనుకోవడం ఒకటి, పక్కవాడు ఏదో దాస్తున్నాడనుకోవడం రెండోది. రాంగోపాల్‌పేట్‌లో ఇనుప సామాన్ల కొట్టు పైన మా ఆఫీసు. ఆఫీసంటే కొన్ని బల్లలు, చప్పుడు మాత్రమే చేసే ఒక ఏసీ, మేం ముగ్గురం. మా యజమానిని ‘చైర్మన్ అన్న’ అనేవాళ్లం, తిరిగే కుర్చీ ఆయనకొక్కడికే ఉండేది కనుక. రెండోవాడు నా స్నేహితుడు కీబోర్డ్. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు, మిగతా రోజుల్లో ఆఫీసు కంప్యూటర్‌ని అదే ఊపుతో బాదేవాడు. మూడోవాణ్ని నేను. నన్ను ‘సీఐడీ’ అని పిలిచేవారు (దాన్ని నేను చాలాకాలం పొగడ్తే అనుకున్నాను).

మేం తయారు చేస్తున్నది చారానా అనే క్రిప్టో నాణెం. రెజిమెంటల్ బజార్ దుకాణాలన్నీ రేపోమాపో దానితోనే నడుస్తాయని చైర్మన్ అన్న నమ్మకం. ప్రస్తుతానికి మాత్రం అది ఆఫీసులోనూ, మా ఇళ్లలోనూ ఉన్న కంప్యూటర్ల మీదే నడిచేది. పద్ధతి ఇదీ: కంప్యూటర్లన్నీ ఒక చిక్కు లెక్క కోసం పోటీపడతాయి, ముందుగా విప్పినది జమాఖర్చుల్లో ఒక పేజీ రాసి, దాని కింద టైమ్ వేస్తుంది, బహుమానంగా కొత్త చారానాలు పుచ్చుకుంటుంది. లెక్క విప్పడం ఆలస్యమైతే తర్వాతి లెక్క సులువవుతుంది, తొందరగా తేలిపోతే కష్టమవుతుంది. ఈ కష్టసుఖాల సూత్రం రాసింది సాక్షాత్తూ నేనే! ఒక పేజీ మీది టైమ్ దాని ముందు పేజీ కంటే వెనక ఉంటే ఆ తేడాను పట్టించుకోవద్దని కూడా రాశాను, కాలం వెనక్కి నడవదు కదా అని. ఆ వాక్యం రాసిన రోజు నా తెలివికి నేనే మురిసిపోయి ఇరానీ హోటల్లో రెండు ఉస్మానియా బిస్కెట్లు ఎక్కువ తిన్నాను.

బజారు పెద్దలకు చారానా చూపించాల్సిన వారంలోనే లెక్కలు ఉన్నట్టుండి సులువైపోవడం మొదలైంది. గంటగంటకూ ఇంకా సులువు. చారానాలు వానాకాలం పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి. చైర్మన్ అన్న కుర్చీ తిరగడం ఆగిపోయింది. “ఏందిరా సీఐడీ ఇది? లెక్క గింత అల్కగైతే ఎవడన్న ఒక్కడు కూసోని మొత్తం హిసాబ్ తిరగరాస్తడు కదా! ఒకే చారానా రెండు దుకాన్లల్ల ఖర్చు పెడతడు! బజారోళ్లు నన్ను ఉంచుతరా?” అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చిక్కు లెక్క కష్టంగా ఉన్నంతసేపే పాత పేజీలకు భద్రత.

ఇక నా రెండో జబ్బు ముదిరింది. మొదట చైర్మన్ అన్ననే అనుమానించాను (యజమానులు తమ దుకాణం తామే దోచుకోవడం గురించి ఎక్కడో చదివాను). తర్వాత ఏసీ బాగుచేయడానికి వచ్చి, బాగుచేయకుండానే వెళ్లిపోయినాయన్ని. చివరికి పేజీలన్నీ వెతికితే దొరికింది: లెక్క సులువైన ప్రతిసారీ దానికి ముందు పేజీ రాసింది కాప్రాలో కీబోర్డ్ వాళ్లింటి కంప్యూటర్. దాని టైమ్ అసలు టైమ్ కంటే అరగంట ముందుంది! అంటే అబద్ధపు టైమ్ వేసి, లెక్క విప్పడానికి చాలాసేపు పట్టినట్టు నెట్‌వర్క్‌ని నమ్మిస్తున్నాడన్నమాట. మిగతా కంప్యూటర్లు వేసే నిజం టైమేమో వెనక పడుతుంది, దాన్ని నా సూత్రం పట్టించుకోదు, కనుక లెక్క మళ్లీ కష్టం కాదు. ఇలాంటి మోసం గురించి నేను పుస్తకాల్లో చదివే ఉన్నాను. పైగా వాడు కొత్త బూట్లు కొన్నాడు. ఫోను చూసి నవ్వుకుంటున్నాడు. నేను వెనక నుంచి తొంగి చూస్తే తెర మూసేస్తున్నాడు. ఇంకేం కావాలి?

శనివారం చైర్మన్ అన్న ఎదుటే కీబోర్డ్‌ని అడిగేశాను. “టైమ్ ముందుకు జరుపుతున్నవ్ కదరా?” వాడు తెల్లమొహం వేశాడు. “నేనెందుకు జరుపుతరా? నాకేం పని?” అన్నాడు. దొంగలందరూ మొదట అనేది అదేనని నేను పైకే అన్నాను. (ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.) చైర్మన్ అన్న తల పట్టుకుని, “రేపు ఇద్దరు పోయి ఆ మిషన్ పట్కరాండ్రి. గిది నిజమే అయితే, తమ్మీ, నువ్వు సోమారం నుంచి రాకు,” అన్నాడు కీబోర్డ్ వైపు తిరిగి. వాళ్లమ్మ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది, ఇల్లు వీడి జీతం మీదే నడుస్తోంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసీ నేను మెత్తబడలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర వాడి స్కూటర్ ఎక్కాను. దారిలో ఒకచోట గుంతలో పడి స్కూటర్ ఎగిరితే భయపడి వాడి భుజం పట్టుకున్నాను, వెంటనే సిగ్గేసి వదిలేశాను. వాడు మాత్రం వేగం తగ్గించాడు.

తలుపు తీస్తూనే ఆంటీ, అంటే కీబోర్డ్ వాళ్లమ్మ, కోప్పడింది. “గింత లేటా? ఒకటిన్నరైంది! అన్నం సల్లగైపాయె!” నా ఫోనులో ఒంటిగంటే. గోడ మీది గడియారం చూశాను. ఒకటిన్నర. వంటింట్లో టైంపీసు, అదీ ఒకటిన్నరే. ముందుగదిలో మూలనున్న కంప్యూటర్ దగ్గరికి వెళ్లి తెర వెలిగించాను. ఒకటిన్నర!

“ఆంటీ, ఈ కంప్యూటర్ టైమ్ ఎవరు మార్చిండ్రు?” అని అడిగాను.

“నేనే బిడ్డా,” అంది ఆవిడ, గర్వంగానే. “వీడు రోజు లేటు. ఆదివారం పాటకు సుత లేటే. అందుకే ఇంట్ల గడియారాలన్ని ముందుకు పెట్టిన. వీడేమో ఈ కంప్యూటర్ చూసి ‘ఇంకా టైముందమ్మా’ అని మళ్ల పండుకుంటుండె. పోయిన వారం దీన్ని సుత జరిపిన. మొండిది, ఎన్నిసార్లు జరిపినా మళ్ల ఎనకకు పోతుండె. దానంతట అదే దిద్దుకునే బటన్ ఏడుందో దేవులాడి బంద్ చేసిన. ఎందుకు బిడ్డా, ఏమన్న ఖరాబైందా?”

ఆ క్షణంలో భూమి చీలితే అందులోకి దూకేవాణ్ని. పుస్తకాల్లోని మహా మోసగాళ్ల ఎత్తుగడలన్నీ నాకు తెలుసు, కొడుకును వేళకు నిద్ర లేపాలనుకునే ఒక తల్లి సంగతి మాత్రం తోచలేదు. కీబోర్డ్ నా వైపు చూశాడు. ఇక ఉతికి ఆరేస్తాడని తల దించుకున్నాను. వాడు బూట్లు విప్పుకుంటూ, “ఏం ఖరాబ్ గాలేదమ్మా. వీనికి మన ఇంట్ల అన్నం తినబుద్దయింది, గందుకే వచ్చిండు,” అన్నాడు. ఆవిడ నవ్వి, నా కంచంలో మాంసం కూర ఇంకో గరిటె వేసింది. ఎత్తిన తల ఎత్తకుండా, మెతుకు మిగల్చకుండా తిన్నాను.

అన్నం తిన్నాక అక్కడి నుంచే చైర్మన్ అన్నకు ఫోన్ చేసి, తప్పు నా సూత్రానిదని చెప్పాను. ఒక్క కంప్యూటర్ చెప్పే టైమ్‌ని గుడ్డిగా నమ్మకూడదని, పేజీల టైములన్నీ వరుసలో పెట్టి మధ్యది తీసుకోవాలని ఆ రాత్రే తిరగరాశాను. బజారు పెద్దలు వచ్చారు, చాయ్ తాగారు, ఆలోచిస్తామని వెళ్లిపోయారు. చారానా సంగతి అంతే. కీబోర్డ్ ఉద్యోగం నిలిచింది. ఆ ఆదివారం గేటు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు వాడికి సారీ చెప్పాను. “మా కంప్యూటర్ ఏది చెప్తే గదే నమ్మినవ్,” అన్నాడు వాడు నెమ్మదిగా. “నేను చెప్తే నమ్మలే కదరా.” కోపంగా అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు కంప్యూటర్ మోసాలు పట్టే కంపెనీలో అనుమానించడమే నా ఉద్యోగం, దానికే జీతం ఇస్తున్నారు. మా కుర్రాళ్లెవరైనా టైము తేడాలు పట్టుకుని, దొంగ దొరికాడని పరుగున వస్తే, “ముందు వాళ్లింటికి పోయి అన్నం తినిరా,” అంటాను. సారు జోకేశారని వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, స్కూటర్ వెనక బిగుసుకుని కూర్చున్న ఆ సీఐడీ గాడు గుర్తొచ్చి.