నలభై కిలోల దగ్గర ఆగిపోయే చేపలు

నేను ఒకప్పుడు సముద్రాన్ని మూయించాను.

ఈ మాట అమీర్‌పేటలో ఒక చేపల దుకాణం ముందు, మృగశిర కార్తె నాడు, ఇరవై మంది వింటుండగా అన్నాను. ఇరవై అంటే పన్నెండు అనుకోండి. ఆ రోజు మా ఊళ్లో చేప ఉడకని ఇల్లు తక్కువ. తింటే ఆయాసం రాదని ఒక నమ్మకం. తినకపోతే పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని ఇంకో నమ్మకం. వరసలో నా ముందున్నాయన కోస్తా మనిషి. తొట్టిలో కొట్టుకుంటున్న కొర్రమీనును చూసి మొహం చిట్లించి, "వంజరం లేదా అండీ?" అన్నాడు.

"యాడికెల్లి వస్తది సారూ? సముద్రం బంద్ ఉన్నది. చేపలు గుడ్లు పెట్టే టైమని సర్కారోళ్లు వేట ఆపిండ్రు," అంది దుకాణం ఆమె, కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే. "ఊరంతా చేపలు తినే దినమే సముద్రానికి సెలవు. గిదేం లెక్కనో నాకైతే సమజ్ కాదు."

"లెక్క నేను చెప్త," అన్నాను. ఎవరూ అడగలేదు. "ఎన్నడు తెరవాలె, ఎన్ని కిలోలు పట్టినంక మూయాలె, గదంత ఒక శాస్త్రం. నేనే మూయించేటోణ్ని."

ముందున్నాయన వంజరం మాట మరిచిపోయి నా వైపు తిరిగాడు. "మీరేనా అండీ? నెల రోజుల నుంచి మీలాంటి మనిషి కోసమే వెతుకుతున్నానండీ బాబూ!"

మీకు మాత్రం నిజం ఇప్పుడే చెప్పేస్తాను. ఆయనకు చెప్పడానికి నాకు నెల పట్టింది. నాది సముద్రం కాదు, మా జిల్లాలో ఒక జలాశయం. మూయించింది నేను కాదు, అక్కడి మత్స్యకారుల సంఘం. నేను ఆ సంఘంలో కాంటా దగ్గర కూర్చుని బరువులు రాసే గుమస్తాను. సముద్రాన్ని జీవితంలో ఒక్కసారి చూశాను. అది కూడా పెళ్లివారి బస్సు కిటికీలోంచి.

ఆయనది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. అమీర్‌పేటలో కోచింగ్ బోర్డులు గోడను కూడా కనబడనివ్వని ఒక బిల్డింగులో, మూడో అంతస్తు. ఎక్కడో మంచు దేశంలో చేపలు పట్టే పడవలవాళ్లకు ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నారు. విషయం సులువే. సీజన్ మొదలయ్యే ముందు ఈసారి మొత్తం ఇంతే పట్టాలని ఒక హద్దు పెడతారు. అందులో ఒక్కో పడవకు ఇంతని వాటా. పడవవాళ్లు ఏ రోజు పట్టింది ఆ రోజు ఫోనులో కొడతారు. హద్దు నిండేదాకా స్క్రీన్ మీద పచ్చ దీపం. నిండిందా, ఎర్ర దీపం. ఇక చేపలు ఎగిరి పడవలో పడ్డా సరే, సీజన్ బంద్.

దీన్ని తయారు చేస్తున్న తొమ్మిది మందిలో నలుగురు చేప ముట్టరు. మిగతావాళ్లు చేపను ప్లేటులో తప్ప చూడలేదు. అటువంటి చోట నేను దొరికాను. పొద్దున టిఫిన్, పదకొండింటికి చాయ్, అడిగినా అడగకపోయినా నా మాటలు. అల ఎంత ఎత్తు లేస్తుందని ఒకరు అడిగితే, పంజాగుట్ట ఫ్లైఓవర్ అంత అన్నాను. రాసుకున్నారు. రాసుకుంటుంటే భయం వేసింది గానీ, టిఫిన్‌లో వడ బాగుంది.

ఒకరోజు ఓనరు అన్నాడు: "బాబాయ్ గారూ, మీ పాత సీజన్ లెక్క ఒకటి కావాలండీ. నిజమైనది. దాంతో మా సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించి, డెమోలో క్లయింటుకి చూపిస్తాం."

ఇంట్లో ట్రంకు పెట్టెలో నా చేతిరాత రిజిస్టరు ఒకటి ఉంది. అట్ట మీది జలాశయం పేరు కనబడకుండా కాగితం అంటించి, తీసుకెళ్లి ఇచ్చాను. మా జలాశయంలో గుండ్రటి బుట్ట పడవల మీద వేట. వాటిని పుట్టి అంటారు. పుట్టికి రోజుకు నలభై కిలోలు హద్దు, అన్నీ కలిపితే సీజన్ హద్దు. రిజిస్టరులో రాసింది రాసినట్టు సాఫ్ట్‌వేర్‌లోకి పోయింది. సీజన్ ఆఖరి రోజు దాకా పచ్చ దీపం, ఆఖరి సాయంత్రం ఎర్ర దీపం. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం కూడా పెట్టాను.

ఒక్క మనిషి కొట్టలేదు. ఆమె పని టెస్టింగ్, అంటే తయారైన దాంట్లో తప్పులు వెతకడం. బోరబండ నుంచి వస్తుంది. పిల్లలు పెద్దయ్యేదాకా తొమ్మిదేళ్లు ఇంట్లో ఉండి, ఇదే రోడ్డు మీద మూడు నెలల కోర్సు చేసి, ఆరు నెలల కాంట్రాక్టు మీద చేరింది. ఆ ఆరు నెలలు అయిపోవచ్చాయి. ఈ డెమోలో ఆమె పని చూసి కాంట్రాక్టు పొడిగిస్తాననీ, లేకపోతే లేదనీ ఓనరు అందరి ముందే చెప్పి ఉన్నాడు.

"అంకుల్, జర గిది చూడున్రి," అంది.

"ఏంది బిడ్డా?"

"గీ చేపలకు లెక్కలు వస్తయా?"

"గట్లెందుకంటవ్?"

"అన్ని పుట్టిలల్ల, అన్ని దినాలు, నలభై కిలోలే. యాడనో ఒకతాన ముప్పై తొమ్మిదిన్నర. నలభై ఒకటి ఒక్క దినం సుత లేదు. నేను వంకాయలు కొనవోతే కిలో ఎన్నడూ కిలోకు ఆగదు."

"క్రమశిక్షణ," అన్నాను. "మావోళ్లకు మస్తు క్రమశిక్షణ."

"మీవోళ్లకు ఉండొచ్చు అంకుల్. వలకు యాడికెల్లి వచ్చింది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఈ లెక్క నమ్మదగ్గది కాదని రిపోర్టు రాసి పంపింది. అరగంటలో ఓనరు గదిలోంచి బయటికొచ్చాడు.

"పెద్దాయన లెక్క తప్పంటావేంటమ్మా? సముద్రాన్ని మూయించిన మనిషాయన! నువ్వెప్పుడైనా చెరువైనా చూశావా?"

"చూసిన సార్. అండ్ల నీళ్లు లేకుండె."

ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో ఆయనకు ఇంకా మండింది. "ఎల్లుండి డెమో పెట్టుకుని ఇదేంటి? సాయంత్రంలోగా ఈ రిపోర్టు వెనక్కి తీసుకో. లేదంటే డెమోకి నీ బదులు ఇంకొకరొస్తారు."

డెమోకు పోకపోతే ఆమె కాంట్రాక్టు అక్కడితో సరి. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. నేను గోడకున్న క్యాలెండరులో తిథి ఏమిటో చాలా శ్రద్ధగా చదివాను.

తరువాత చాయ్ తాగే నెపంతో కిందికి దిగాను. కోచింగ్ కాగితాలు పంచేవాళ్లు నా తెల్ల గడ్డం చూసి కూడా ఒకటి చేతిలో పెట్టారు. చాయ్ చల్లారిపోయింది. నాకు మా జలాశయం రేవు గుర్తొచ్చింది.

సాయంత్రాలు పుట్టిలు ఒడ్డుకొచ్చేవి. నలభై దాటితే మరుసటి రోజు ఆ పుట్టికి వేట లేదు. ఇది సంఘం పెట్టిన నియమం. అందుకని కాంటా దగ్గరికి రాకముందే చిన్నవాటిని ఏరి నీళ్లలో పారేసేవాళ్లు. అప్పటికే చచ్చిన చేపను నీళ్లలో వేస్తే ఏం బతుకుతుంది? పొద్దున్నే రేవు పొడుగునా తెల్లటి పొట్టలు తేలేవి. పారేయబుద్ధి కాని మంచి బొచ్చె చేప తడి గోనెలో చుట్టుకుని నా సంచిలోకి వచ్చేది. "నలభై రాయన్నా," అనేవాళ్లు. రాసేవాణ్ని. వాళ్లకు సంసారాలుండె. నాకు ఆకలుండె.

పై అధికారి వచ్చి రిజిస్టరు తిరగేసి, ఇంత పద్ధతి గల జలాశయం ఎక్కడా చూడలేదన్నాడు. ఇంత బాగుంటే ఇంకొంచెం పట్టవచ్చు కదా అని, మరుసటి ఏడు హద్దు నలభై నుంచి నలభై అయిదు చేశారు. ఆ మరుసటి రోజు నుంచే మా చేపలు నలభై అయిదు దగ్గర ఆగడం నేర్చుకున్నాయి. ఇంకో రెండేళ్లకు వలల్లో అరచేతంత పిల్లలు తప్ప ఏమీ రాలేదు. పుట్టిలు ఒడ్డున బోర్లా పడుకున్నాయి. జలాశయాన్ని సంఘం మూయించిందని ఇందాక మీకు చెప్పాను చూడండి, అది కూడా అబద్ధమే. చేపలే మూశాయి.

మళ్లీ మెట్లెక్కాను. నేను గర్జించాను, ఆఫీసంతా నిశ్శబ్దమైపోయింది అని రాయాలనే ఉంది. నిజానికి గుమ్మం పట్టుకుని ఎంత మెల్లగా చెప్పానంటే, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"రిపోర్టు వాపస్ తీసుకోకు బిడ్డా. నువ్వు రాసిందే నిజం. గా నలభై నేను రాసిన నలభై. చేపలు పడ్డ నలభై కాదు." సముద్రం సంగతి, సంచి సంగతి, అన్నీ చెప్పాను.

ఓనరు కుర్చీలో కూలబడ్డాడు. "ఏంటండీ మీరనేది? మీరు చెప్పిన అల ఎత్తు కూడా సాఫ్ట్‌వేర్‌లో పెట్టాం కదండీ!"

"గది జర తగ్గించున్రి," అన్నాను.

ఆమె మాత్రం నన్ను తిట్టలేదు. పెన్ను తీసింది. "పారేసినయి దినానికి ఎన్ని కిలోలుంటయి అంకుల్?"

"తెలియదు బిడ్డా."

"అందాజుగ?"

పది అనడానికి నోరు తెరిచాను. పది అంటే రాసుకుంటుంది. ఆ పది పడవెక్కి మంచు దేశం దాకా పోతుంది. నోరు మూసుకున్నాను. "తెలియదు. ఎవరూ తూచలే."

స్క్రీన్ మీద కొత్త గడి ఒకటి పెట్టించింది: నీళ్లలో పారేసినవి. కానీ ఆ గడి అంకెలు తప్ప మాట తీసుకోదు. సున్నా కొట్టేయమని ఓనరు అన్నాడు.

"సున్నా అంటే ఏం పారెయ్యలే అని సార్. తెలియకపోవుడు వేరే," అంది.

వాళ్లిద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. చివరకు ఆ గడిలో 'తెలియదు' అని కూడా కొట్టవచ్చన్నారు. 'తెలియదు'లు మరీ ఎక్కువైనా, పట్టిన లెక్కలో రోజూ ఒకే అంకె వచ్చినా పసుపు దీపం వెలుగుతుంది. అంటే ఈ లెక్కను నమ్మకండి, రేవుకు మనిషిని పంపి చూసుకోండి అని.

"డెమోలో నువ్వే చెప్పు," అన్నాడు ఓనరు. "బెడిసికొడితే మాత్రం నన్ననొద్దు."

డెమో పంజాగుట్టలో, క్లయింటుకు ఇక్కడున్న ఏజెంటు ఆఫీసులో. మెట్రోలో ఒక్క స్టేషన్. ఆ ఒక్క స్టేషన్‌లోనే ఓనరు మూడుసార్లు చెమట తుడుచుకున్నాడు. నిపుణుడని నా పేరు ముందే రాసి పంపాడట, కాబట్టి నన్ను వదిలిపెట్టి పోలేడు. పెద్ద తెర మీద మంచు దేశపు ఆవిడ ప్రత్యక్షమైంది. మా రిజిస్టరు పెట్టగానే, మొదటి వారం లెక్క దాటకముందే పసుపు దీపం వెలిగింది. ఇదేమిటని అడిగింది.

బోరబండ ఆమె ఇంగ్లీషు మెట్లు దిగుతున్నట్టు ఉంది, మెల్లగా, ఒక్కో మాట మీదా కాలు ఆనించి. అయినా ఎక్కడా జారలేదు. రోజూ హద్దు దగ్గరే ఆగితే అక్కడ ఆగుతున్నది చేప కాదు, రాసే చెయ్యి అని చెప్పింది.

కాంటా దగ్గర ఉన్నది ఎవరని తెర మీది ఆవిడ అడిగింది. ఈమె నన్ను చూపించలేదు. ఓనరు కిటికీలోంచి ఫ్లైఓవర్ చూస్తున్నాడు. నేనే చెయ్యెత్తాను.

ఆవిడ పడీ పడీ నవ్వింది. ఏమన్నదో ఓనరు తర్వాత చెప్పాడు: "మా రేవుల్లోనూ ఉన్నారు ఈయనలాంటి వాళ్లు. ఈ సాఫ్ట్‌వేర్ అడిగింది వాళ్ల కోసమే కదా!"

ఆ వారంలోనే బల్కంపేటలో మా గల్లీ అంతటికీ చెప్పాను, ఒక ఆడబిడ్డకు ఉద్యోగం నిలబెట్టానని. నలుగురు శభాష్ అన్నారు. మా ఇంటామె ఒక్కతే నా మొహం కేసి చూసి, "మిగిలింది ఎప్పుడు చెప్తవ్?" అంది.

కాంట్రాక్టు కాగితం చేతికొచ్చిన రోజు బోరబండ ఆమె ఆఫీసు మెట్ల మీద ఎదురైంది. "ఏడాది పొడిగించిండ్రు అంకుల్."

"నా వల్లనే కద బిడ్డా!"

"మీ వల్లనే పోతుండె సుత," అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుని, బోరబండ బస్సు కోసం నాకంటే ముందే దిగిపోయింది.