అత్త వేపిన మట్టి

ఆ కాలంలో మనిషి తనకు జరిగిన అవమానాన్ని జాగ్రత్తగా దాచుకునేవాడు. ఇప్పటివాళ్ళు సాయంత్రానికే మరిచిపోతున్నారు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు వేలూరులో ఒక పెద్దమనిషి అన్న మాటను నేను ఈనాటికీ ఉన్నదున్నట్టు అప్పజెప్పగలను. ఆ మాట నన్ను గురించి కాదు, మా మామ చేని మట్టిని గురించి. (నన్ను గురించి అన్నవి వేరే ఉన్నాయి. అవీ గుర్తున్నాయి.)

మొదటి పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో వేలూరులో మట్టి పరీక్షలు చేసే ఒక చిన్న ప్రయోగశాలలో నాకు తాత్కాలికంగా పని దొరికింది. ఎవరు ఏ పొలం మట్టి తెచ్చినా "సున్నం వెయ్యండి" అనేవాడు కనుక మా పైఅధికారిని మేము సున్నం సారు అనుకునేవాళ్ళం. ఆ ఏడు ఆయనకు కొత్త పట్టుదల పుట్టింది. వేరుశనగ వేళ్ళ బుడిపెల్లో కాపురముండి, గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించే సూక్ష్మజీవుల సంగతి చదువుకున్నవాళ్ళకు తెలిసిందే. అవి కాక, ఏ వేరునూ ఆశ్రయించకుండా, మట్టిలో కుళ్ళిన ఆకూ అలమూ తిని, తమంతట తామే ఆ పని చేసేవి కొన్ని ఉన్నాయి. వాటిని మన సీమ మట్టిలో చూపించాలని ఆయన కోరిక. నీళ్ళలో తీపి పదార్థం, కాస్త సున్నం, ఒకటి రెండు లవణాలు కలిపి, నత్రజని మాత్రం లేకుండా చూసి, చిటికెడు మట్టి వేయాలి. అందులో ఏది బాగా పెరిగినా అది గాలినుంచి నత్రజని తెచ్చుకున్నదే అయివుండాలి. నాలుగైదు రోజులకు పైన మీగడలా పొర కట్టి, రానురాను గోధుమరంగుకు తిరుగుతుంది.

"ఏమప్పా, నెలాఖరుకు నీ చేత్తో ఒక్క సీసాలో పొర కట్టాల. కడితే పని ఖాయం చెయ్యమని రాస్తా. లేకుంటే గుడియాత్తం పోయి మగ్గం గుంటలో కూర్చో" అన్నాడు. (ఆ గుంటలో కూర్చున్న మా నాయన ఈయనకంటే నిటారుగా కూర్చునేవాడు.)

గుడియాత్తం పక్కన మా మామకు ఒక మెట్టచేను ఉండేది. ఒక ఏడు బీడు పెట్టి మరుసటి ఏడు విత్తితే చాలు, పెంట తోలకపోయినా రాగి పండేది. నేను వెతికే జీవులు ఉంటే అక్కడే ఉండాలనుకుని, కాట్పాడిలో రైలెక్కి పోయి, జానెడు లోతు తవ్వి మట్టిని సంచికెత్తాను. సంచిని మామ ఇంటి అరుగుమీద పెట్టి, అత్త పెట్టిన సంగటి తిని కునుకు తీశాను. లేచేసరికి అత్త సంచి మూతి బిగించి సిద్ధంగా ఉంచింది. సంచి వెచ్చగా ఉంది, ఎండ తగిలిందనుకున్నాను. లోపలి మట్టి పిండిలా మెత్తగా ఉంది, మా చేని గొప్పతనం అనుకున్నాను. (నేను సైన్సు చదివినవాణ్ణి.)

ఆరో రోజుకు, నాతోపాటు పనిచేసేవాడు ఒడుగత్తూరు నుంచి తెచ్చిన మట్టి పొర కట్టింది. నా సీసాలో నీళ్ళు తేటగా ఉన్నాయి. సున్నం సారు దాన్ని వెలుతురుకు పట్టి, అందరూ వినేలాగా, "అద్దం మాదిరి ఉండాది. మొహం చూసుకో. మీ మామ చేను చచ్చిన మట్టప్పా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో పేర్లు చెప్పగలను, చెప్పను. ఒడుగత్తూరు మట్టివాడు నన్ను పక్కకు పిలిచి, "నా సంచిలో ఇంకా ఉండాది, చిటికెడు ఎత్తుకో. ఎవురికి తెలస్తాది?" అన్నాడు. పని పోయినా సరే, మా మామ చేని మట్టితోనే పొర కట్టిస్తానని మళ్ళీ రైలెక్కాను.

"ఏం నాయనా, సర్కారోళ్ళు మెచ్చుకున్నారా?" అంది అత్త, గడపలోనే.

"ఏం మెచ్చుకునేది అత్తా! దాంట్లో ఒక్క పురుగు కూడా బతికి లేదంట."

అత్త మొహం వెలిగిపోయింది. "ఎట్లుంటాది మరి! జల్లెడ పట్టి, పెనంమీద పొగ లేచేదాకా వేపితి కదా. మన మట్టి పోయి దొరల గాజుసీసాలో పడేది. పురుగు కనపడితే మనకెంత మర్యాద తక్కువ!"

మా ఇళ్ళలో ఊరు దాటి పోయే రవ్వ అయినా పిండి అయినా పురుగు పట్టకుండా వేపి కట్టడం ఆనవాయితీ. మట్టికి మాత్రం ఆ మర్యాద ఎందుకు తప్పాలని ఆమె అనుకుంది.

ఈసారి తవ్విన సంచిని ఒళ్ళో పెట్టుకునే సంగటి తిన్నాను. అయిదో రోజుకు పొర కట్టింది, తరువాత గోధుమరంగు తిరిగింది. సూక్ష్మదర్శినిలో చూస్తే లావుపాటి జీవులు, గుడ్ల ఆకారంలో, జంటలు జంటలుగా ఉన్నాయి. సున్నం సారు చాలాసేపు చూసి, అత్త వేపిన సంగతి నేను చెప్పగా విని, "ఆ వేపింది ఇంకా ఉండాదా?" అన్నాడు. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టించాడు. వేపిన మట్టి తేటగా, వేపని మట్టి పొరతో. ఆ పొర మట్టిలోని ప్రాణులదేనని చెప్పడానికి అంతకంటే మంచి రుజువు లేదు. నా పని ఖాయమైంది. నివేదికలో మాత్రం "మట్టిలో కొంత భాగమును వేడిచేసి పరీక్షించితిమి" అని ఆయన తన తెలివిగా రాసుకున్నాడు. చచ్చిన మట్టి అన్న మాట వెనక్కు తీసుకోమని అడిగితే, "అన్నానా?" అన్నాడు. అనడంకంటే అది పెద్ద తప్పు.

అత్తకైనా న్యాయం చేద్దామని ఊరికి పోయి సంగతంతా చెప్పాను. "నువ్వు వేపబట్టే రుజువైంది అత్తా. మన చేన్లో లెక్కలేనన్ని ఉండాయి. అవి లేకుంటే పెంట తోలకుండా రాగి యాడ పండేది? మంచి పురుగులే."

"పురుగుల్లో మంచివేంది?" అంది అత్త. "నేను శుద్ధంగా వేపి ఇస్తే, మళ్ళా పోయి వేపంది తవ్వుకోని, మా చేన్లో పురుగులుండాయని వేలూరంతా చూపించినావా?"

ఆ తరువాత మూడేళ్ళు ఆమె నాతో నేరుగా మాట్లాడలేదు. ఎదురుగా కూర్చుని తింటుంటే, "ఆయప్పకు సంగటి చాలునో లేదో అడుగు" అని మామతో అనేది. అన్నిసార్లూ చాలలేదు, అన్నిసార్లూ చాలునన్నాను.

ఇన్నేళ్ళకు నెమ్మదిగా తూచి చూస్తే, సారుమీద నా ఫిర్యాదుకంటే నామీద అత్త ఫిర్యాదే న్యాయమైనదేమో అనిపిస్తుంది. అది ఆమెతో చెప్పుకోవాలని తోచేసరికి ఆమె లేదు. సారూ పోయాడు. ఆయన్ను మాత్రం నేనింకా క్షమించలేదు.