మా డాన్సు టీచరుగారి వసంతం

రాజమండ్రిలో మాకు నాట్యం నేర్పిన టీచరుగారు వసంతాన్ని ముక్కుతో మొదలుపెట్టేవారు. పువ్వులూ తుమ్మెదలూ చూపించడానికి మేం చేతులెత్తబోతే ఆపేసేవారు.

"ముందు గాలి పీల్చండర్రా! మామిడి పూత వాసన తగిలాకే చేతులు లేవాలి" అనేవారు.

కరోనా వచ్చి తగ్గాక ఆవిడకి వాసన తెలియడం పోయింది. ఏళ్లు గడిచినా తిరిగి రాలేదు. పొయ్యి మీద కూర మాడినా తెలిసేది కాదు. అందుకు నవ్వేసేవారు గానీ, వసంతం పాఠం మాత్రం చెప్పడం మానేశారు.

"నాకే తెలియనిది మీకెలా చూపించనే?" అన్నారోసారి నాతో.

కిందటేడు ఉగాదికి గోదావరి గట్టున మా ప్రదర్శన పెట్టారు. ఆ పాఠం మానేయకముందే నేర్చుకుని, ఆ రోజు వసంతం అభినయించాల్సిన అమ్మాయికి ఆ సాయంత్రమే కాలు బెణికింది. దాంతో టీచరుగారే వేదికెక్కారు. మోకాళ్ల నొప్పులవల్ల కుర్చీలో కూర్చునే మొదలుపెట్టారు. కళ్లు మూసుకుని మెల్లగా గాలి పీల్చారు. ఏమీ అందనట్టు ఆగారు. తల తిప్పి ఇంకోవైపు వెతికారు. ఉన్నట్టుండి ముఖమంతా విచ్చుకుంది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ తను కూడా గట్టిగా గాలి పీల్చింది.

టీచరుగారు దిగి రాగానే ఆత్రంగా అడిగాను.

"వాసన తెలిసిందాండీ?"

"లేదే" అన్నారు, కళ్లు తుడుచుకుంటూ. "తెలిస్తే ఎంత సంతోషిస్తానో, అది చూపించాను."

మర్నాడు క్లాసులో అందరినీ వరసగా నిలబెట్టి, వసంతం పాఠం మళ్లీ మొదలుపెట్టారు.