మంద మలిపే రాయి

ఒక మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి కూడా డొంకతిరుగుడుగా చెప్పానే తప్ప తిన్నగా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

పోలీసుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ స్టేషనో చెప్పను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్యే నా సర్వీసంతా గడిచింది. మాది అగళి వైపు గొర్రెలు కాసే ఇల్లు. ఉద్యోగం వచ్చేదాకా నేనూ మంద వెంట తిరిగాను.

మొదట్లో నా చేతిలో లాఠీ ఒక్కటే ఉండేది. ఏ ఊళ్లో గొడవైనా, బండి దిగగానే ఎవరో ఒకరు "ఏమప్పా, ఎండన పడి వస్తాండావే" అని మజ్జిగ ఇచ్చేవారు. తాగి, తిట్టాల్సినవాణ్ణి తిట్టి వచ్చేవాళ్లం. మేం మంచివాళ్లమని కాదు. ఆ లాఠీతో నేనూ కొట్టాను, కొందరిని ఊరకే కొట్టాను. కానీ కొట్టినవాడి పేరు నాకు తెలిసేది, నా పేరు వాడికి తెలిసేది. తర్వాత సంతలో ఎదురుపడితే ఇద్దరం మొహం తిప్పుకునేవాళ్లం. అది కూడా ఒకరకం చుట్టరికమే కదా?

తర్వాత కొత్త సామాను వచ్చింది. మోకాళ్లకూ ఛాతీకీ గట్టి తొడుగులు, మొహానికి అద్దమున్న హెల్మెట్, పెద్ద డాలు, గ్యాస్ గన్ను. శిక్షణకు పంపారు. అక్కడ ఊరివాళ్లను ఊరివాళ్లు అనలేదు, గుంపు అన్నారు. గుంపును ఆపడం, గుంపును నెట్టడం, గుంపును చెదరగొట్టడం. తొందర్లోనే మా నోళ్లకూ అదే అలవాటైంది. నిజం చెప్పాలంటే నాకు ఆ సామాను నచ్చింది. అదంతా తగిలించుకుని కొత్త పెళ్లికొడుకులా అద్దంలో చూసుకున్నాను. గ్యాస్ గన్ను మరీ నచ్చింది. పొగ గుండును పైకెత్తి, జనం ముందర పడేలా వదలాలి, మనిషికి తిన్నగా గురిపెట్టకూడదు అని ఒకటికి పదిసార్లు చెప్పారు. ఒక్కొక్కరి చేతా పేల్పించారు. నా వంతు వచ్చేసరికి గుండ్లు అయిపోయాయి. నవ్వకండి, ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అది పేలితే భుజానికి ఎలా తగులుతుంది? చప్పుడెంత? పొగ ఎంత దూరం పోతుంది? పెద్దవాణ్ణి, పిల్లలున్నవాణ్ణి, ఇంటికొచ్చాక కూడా ఇదే ఆలోచన.

ఆ ఏడు వానల్లేవు. పెనుకొండ వైపు ఒక ఊరివాళ్లు తమ చెరువుకు కాలువ నీళ్లు వదలమని రోడ్డు మీద కూర్చున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే, ఖాళీ బిందెలతో. ఎండిపోయిన శెనక్కాయ చెట్లు పీకి తెచ్చి తారు మీద పరిచారు. మావాళ్లు డాళ్లు పట్టుకుని వరుసగా నిలబడ్డారు, వెనక నేను గన్నుతో. లాఠీలతో డాళ్ల మీద కొడుతూ అడుగులో అడుగు వేసుకుంటూ పోతే ఆ చప్పుడుకే జనం జంకుతారని మాకు నేర్పారు. జనం జంకలేదు. పక్కన గట్టు మీద మేస్తున్న గొర్రెల మంద జంకింది.

చెదిరిన మంద రోడ్డు మీదికి దిగింది. దాని వెనకే ఒక నడివయసు మనిషి పరిగెత్తుకొచ్చాడు. ఓబులేసు అందాం, అసలు పేరు అది కాదు. ధర్నాకు వచ్చినవాడు కాదు, తన గొర్రెలేవో తను మేపుకుంటున్నవాడు. వంగి ఒక రాయి తీసి విసిరాడు. అది తారు మీద పడి, ఎగిరి, మావాడి డాలుకు తగిలింది. ఎవరో "రాయి!" అని అరిచారు. ఆర్డరు ఎవరూ ఇవ్వలేదు. నేను పేల్చాను. పైకెత్తలేదు, తిన్నగానే పేల్చాను. గుండు పోయి అతని మొహానికి తగిలింది.

భుజానికి ఎలా తగిలిందో నాకు గుర్తు లేదు. అంతగా తెలుసుకోవాలనుకున్నది అదే, అదే గుర్తు లేదు.

ఓబులేసుకు కుడికన్ను పోయింది. సాయంత్రానికల్లా మా కథ సిద్ధమైంది. గుంపు రాళ్లు రువ్వింది, హెచ్చరించాం, వినలేదు, పై అధికారి చెబితేనే పేల్చాం. మొదటి ముద్దాయి ఓబులేసు. గురిచూసి మా మీదికే విసిరాడని సాక్ష్యం ఇచ్చింది నేను. గొర్రెలు కాసేవాడెవడైనా మందను మలపాలంటే ముందున్న పొట్టేలుకు ఎదురుగా రాయి వేస్తాడు. దానికి తగలకూడదు, ముందర పడాలి. పొట్టేలు మళ్లితే మందంతా మళ్లుతుంది. నడక వచ్చాక మా నాయన నాకు నేర్పిన మొదటి విద్య అది.

ఒక వాయిదా రోజు కోర్టు వరండాలో అతను నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా, మీదీ గొర్రెలోల్ల ఇల్లేనంట గదా?"

నేను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాను.

"మంద మలపనీకి రాయి యేస్తారని నీకు తెల్దా?"

"ఆ పొద్దు నాకట్ల కనపళ్యా" అన్నాను.

"ఆ అద్దం లోపల్నుంచి సూస్తే అట్ల కనపడదేమోలే" అన్నాడు.

ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు, ఉన్న ఒక్క కంటితో నా మొహంలోకి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. అతనిచ్చిన సాకునే నేను పట్టుకున్నాను. అవును, అద్దం వల్లేనేమో. మనిషి మనిషిలా కనపడడేమో. చూద్దామని ఒకసారి ఆ హెల్మెట్‌ను ఇంటికి తెచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి తగిలించుకున్నాను. నా ఊపిరి నాకే పెద్దగా వినపడింది. నా భార్య చింతపండు పిసుకుతోంది. అద్దం మీద గీతలున్నా, పులుసుకు కావలసినదానికన్నా ఎక్కువే పిసుకుతోందని కూడా తెలిసిపోయింది. ఆ అద్దం నా మొహాన్ని దాచింది గానీ, ఎదుటివాళ్లను నాకు కనపడకుండా చెయ్యలేదు.

వాయిదాలకు తిరగలేక ఓబులేసు నేరం ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే జరిమానాతో వదిలేస్తారని వకీలు చెప్పాడట. జడ్జి అడిగితే "యేసినా సామీ" అన్నాడు. నేను అక్కడే నిలబడి విన్నాను. చేయని తప్పు ఒప్పుకోవడానికి అతనికి ఒక్క మాట చాలింది. చేసినవాణ్ణి, నాకు ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? ఉద్యోగం పోతుందని భయమా? అది నాలుగు రోజులు. పింఛను చేతికొచ్చాక కూడా నోరు తెరవలేదే, అదేమిటి? మంద అమ్మేశాడనీ, ఓబులదేవరచెరువు దగ్గర కూతురింట ఉంటున్నాడనీ విన్నాను. బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చాను. అతనికి చదువు రాదు. ఇది అతను చదవడు. అది తెలిసే రాస్తున్నానేమో, ఆ అనుమానమూ నాకుంది.

ఇంకొక్కటి మిగిలింది. డాలుకు రాయి తగిలిన చప్పుడు విని, భయపడి పేల్చానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అతను వంగినప్పుడే నాకు తెలుసు. హెల్మెట్ లోపల నేను పొట్టేలునే చూస్తున్నాను. ఎడమకు వేస్తాడు, గట్టుకు మళ్లుతుంది అనుకున్నాను. అనుకున్న చోటే వేశాడు. ఎవరో రాయి అని అరిచేసరికి, ఇప్పుడు పేలిస్తే నన్ను అడిగేవాడు లేడనిపించింది. ఎలా ఉంటుందో చూద్దామనిపించింది.

ఆ రాయికి మంద మళ్లింది. అది చూశాకే పేల్చాను.

రాశాక మనసు తేలికైంది. నాకు ఆ తేలిక దక్కడం న్యాయమేనా అంటే, తెలీదు.