గోరింటాకు వేళ్ల మీద ఓటు గుర్తు

2007 ఆషాఢంలో నేను నాచారం పారిశ్రామికవాడలో, ఓటర్ల వేలికి పెట్టే చెరగని ఇంకు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజర్‌ని. ఏ ప్రభుత్వమూ నాలుగు రోజులు నిలవని ఒక ఆఫ్రికా దేశం, రాజ్యాంగం మార్చుకుందామా వద్దా అని జనాన్నే అడగాలనుకుంది. దేశమంతా అవుననో కాదనో ఓటేసే ఆ రెఫరెండానికి ఇంకు మా దగ్గర నుంచి వెళ్లాలి.

సరుకు కదలాలంటే ఆ దేశపు ఎన్నికల అధికారి ఎదుట వేలి పరీక్ష జరగాలి. చూపుడు వేలికి గోరూ చర్మమూ కలిసేచోట ఇంకు పూసి, ఆరనిచ్చి, సబ్బుతో, నిమ్మరసంతో, కిరసనాయిలుతో రుద్దుతాం. ఇంకులోని వెండి లవణం వెలుతురుకు నల్లబడి చర్మాన్ని పట్టుకుంటుంది. పరీక్షకు ఎప్పుడూ ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లే వచ్చేవారు. అధికారి వచ్చిన ఉదయం చూస్తే అందరి వేళ్లకూ గోరింటాకు టోపీలే. నాకు ఒళ్లు మండింది. మగవాళ్లను పిలవమని కేకేశాను.

అధికారి వద్దన్నాడు. తమ దేశంలోనూ పెళ్లిళ్లకు ఆడవాళ్లు ఇలాగే చేతులు పండించుకుంటారట. ఈ చేతులే చూడాలన్నాడు. పూశాం. ముదురు ఎరుపులో గుర్తు సరిగా తేలలేదు. ఆడవాళ్లు రెండుసార్లు ఓటేశారన్న మాట ఒక్కటి పుడితే చాలు, ఓడినవాళ్లు ఫలితాన్ని ఒప్పుకోరు, కథ మళ్లీ మొదటికొస్తుంది అన్నాడాయన. ఆర్డరు పోయినట్టే అనుకున్నాను.

గోరింటాకు లేని చోట, వేలి రెండో కణుపు మీద పూద్దామన్నాను. గోటి మీదైతే గుర్తు వారాలుంటుంది, వట్టి చర్మం మీద కొద్ది రోజులే. పోలింగ్‌కు ఒక్కరోజు చాలు. ఆ ఒక్కరోజైనా నిలుస్తుందా అని ఆయన సందేహం.

ప్యాకింగ్ సూపర్‌వైజర్ యాదమ్మ కలగజేసుకుంది. "జర ఆగుండ్రి సార్. మా వేళ్లకు పూసి ఇండ్లకు పంపుండ్రి. బోళ్లు తోముతం, బట్టలు పిండుతం. రేపు పొద్దుగాల మీరే సూడుండ్రి."

మర్నాడు వాళ్లంతా గేటు దగ్గరే వేళ్లెత్తి చూపించారు. ఒక్క గుర్తూ చెరగలేదు. "చింతపండేసి గూడ రుద్దిన సార్, మా అత్త ఒకటే నవ్వుడు" అంది యాదమ్మ. అధికారి సంతకం పెట్టాడు. గోరింటాకు ఉంటే గుర్తు ఎక్కడ పెట్టాలో సీసాలతో పంపే సూచనల్లో చేర్చాం.

రెఫరెండం గొడవల్లేకుండా ముగిసిందని, మార్పులు నెగ్గాయని తర్వాత ఆయన కబురు పెట్టాడు. ప్యాకింగ్ సెక్షన్‌కు వెళ్లి ఆ మాట నేనే చెప్పాను. ఆ రోజు నన్ను నిలబెట్టింది వాళ్లే. ఆ కృతజ్ఞత ఇప్పటికీ ఉంది. పోలింగ్‌కు ఎలాంటి చేతులు వస్తాయో పరీక్షకూ అలాంటి చేతులే కావాలని తెలుసుకున్నాను. రిటైరయ్యేదాకా ఏటా ఒక పరీక్ష ఆషాఢంలోనే పెట్టించాను. గోరింటాకు పెట్టుకుని రమ్మని నేనే చెప్పేవాణ్ణి.